బతికుండగానే బదిలీ

హార్డ్ డిస్కుకి మౌత్ ఖాయం. ఎప్పుడన్నదే తెలీదు. మూడేళ్లకే పోయేవి ఉన్నాయి, పదేళ్లు నడిచేవి ఉన్నాయి. కొన్ని పోయే ముందు టకటకమని చప్పుడు చేసో, నెమ్మదించో ఏదో ఒక ఇషారా ఇస్తాయి. కొన్ని రాత్రి బాగానే ఉండి పొద్దున్నే లేవవు. కాబట్టి డిస్కు ఎన్నాళ్లు బతుకుతుందని లెక్కలేసే బదులు, అది పోయిన రోజు ఇంట్లోంచి ఏమేం పోతాయో లెక్కేసుకోవడం మేలు.

మా ఇంటి లెక్క ఇది. అబ్బా గొంతు నలభై నిమిషాలు. అమ్మీ, అబ్బాల నికానామా. కర్నూలు ఇంటి దస్తావేజులు. క్యాసెట్ నుంచి ఎక్కించిన ఆపా పెళ్లి వీడియో. దమ్మామ్ నుంచి తమ్ముడు ఏళ్లుగా పంపుతున్న పిల్లల ఫొటోలు. నా వార్తల కత్తిరింపులు. అన్నిటికన్నా ముఖ్యం, అబ్బా రియాద్‌లో టైలర్ పని చేసిన పదకొండేళ్లలో అమ్మీకి ఉర్దూలో రాసిన 170 ఖత్‌లు. ఆ రోజుల్లో గల్ఫ్ ఉన్న చాలా ఇళ్లకి ఖత్‌లతో పాటు క్యాసెట్లు కూడా వచ్చేవి. అబ్బా గొంతు అలా మిగిలింది.

ఇవన్నీ ఒకప్పుడు కర్నూలు ఇంట్లో దాదీ సందూక్‌లో ఉండేవి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు సందూక్ మిద్దె మీద గదిలో ఉంది కాబట్టి బతికిపోయింది. మా గల్లీలో చాలా ఇళ్లకి ఆ కిస్మత్ లేదు. నీళ్లు తీసిన తర్వాత రేషన్ కార్డులు, సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బమ్‌లు గోడల మీద, మంచాల మీద ఆరబెట్టుకున్నారు జనం. ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే మొహాలు ఊడొచ్చేవి. ఆ మరుసటి ఏడు నేను స్కానర్ కొన్నాను. తర్వాత హైదరాబాద్ ఇంట్లో నాస్ పెట్టాను.

నాస్ అంటే ఇంట్లో ఉండే చిన్న సర్వర్. మాది బియ్యం డబ్బా అంత ఉంటుంది. హాల్లో టీవీ వెనక రాత్రింబవళ్లు గుర్రుమంటూ నడుస్తుంది. ఐదు గూళ్లున్నాయి. నాలుగింట్లో తలా 4 టెరాబైట్ల డిస్కులు, ఐదోది ఖాళీ. ఉర్దూ మీడియం స్కూల్లో మా తరగతుల్ని ఎలా పిలిచేవాళ్లో ఆ పేర్లే వాటికి పెట్టాను. అవ్వల్, దువ్వమ్, సువ్వమ్, చహారుమ్. పంజుమ్ గూడు ఖాళీగా ఉంచడానికి కారణం తర్వాత చెబుతాను.

నాలుగు నాలుగులు పదహారు టెరాబైట్లు. అందులో మనకి వచ్చేది సుమారు పన్నెండే. మిగతాది జామీను. ఎలాగంటే, మూడు డిస్కుల మీద 7, 5, 9 అని రాశామనుకోండి. నాలుగోదాని మీద మొత్తం 21 రాస్తాం. ఇప్పుడు 5 ఉన్న డిస్కు పోయింది. 21లోంచి 7నీ 9నీ తీసేస్తే మళ్లీ 5 దొరుకుతుంది. యంత్రం కూడిక బదులు ఎక్స్‌ఆర్ అనే సరి, బేసి లెక్క వాడుతుంది. జామీనుని ఒక్క డిస్కు నెత్తిన పెట్టకుండా నలుగురికీ పంచుతుంది. అసలు సంగతి మాత్రం ఇంతే. ఒకరు పోతే మిగతా ముగ్గురూ కలిసి ఆ మనిషి మాటలు మళ్లీ చెబుతారు. ఇద్దరు ఒకేసారి పోతే చెప్పేవాళ్లుండరు.

ఈ ఏర్పాటుకి రెయిడ్ అని పేరు. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పేపర్ రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు సస్తా డిస్కుల్ని జమాత్ కట్టిస్తే పని జరుగుతుందని అందులో చూపించారు. రెయిడ్‌లో 'ఐ' అక్షరానికి వాళ్లిచ్చిన అర్థం సస్తా అనే. తర్వాత అమ్మకందార్లు దాన్ని స్వతంత్ర అనే అర్థానికి మార్చుకున్నారు. నాకు మొదటి అర్థమే పసంద్. మాలాంటి తన్ఖాల ఇళ్లలో అన్నీ సస్తా వాటిని జమాత్ కట్టించే నడుస్తాయి కదా.

దువ్వమ్ తబియత్ కిందటేడు పాడైంది. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం తానే రాసుకుంటుంది. ఆ చిట్టాకి స్మార్ట్ అని పేరు. అందులో బోలెడు వరసలుంటాయి గానీ ఇంటివాళ్లు చూడాల్సినవి మూడు. 5వ వరస, చెడిపోతే పక్కన పెట్టి వేరేచోటికి మార్చిన సెక్టార్ల సంఖ్య. 197వది, చదవడానికి మొరాయిస్తూ ఇంకా ఎటూ తేలని సెక్టార్ల సంఖ్య. 198వది, తనిఖీలో చదవలేకపోయినవి. మూడూ సున్నాలుంటే మంచి గుర్తు. దువ్వమ్‌ది 197లో ఒక నెల 8 వచ్చింది. మరుసటి నెల 24 అయింది. ఎనిమిదితో ఆగిపోయి ఏళ్లు నడిచే డిస్కులు కూడా ఉంటాయి. నెలనెలా పెరిగేదాన్ని మాత్రం నమ్మకూడదు.

మా నాస్ జెడ్‌ఎఫ్‌ఎస్ మీద నడుస్తుంది. ప్రతి ముక్క సమాచారానికీ ఒక గుర్తు అంకె రాసి పెట్టుకుంటుంది. నెలకోసారి, రెండో ఆదివారం, డిస్కుల్లో రాసి ఉన్న సమాచారమంతా చదివి అంకెలు సరిపోయాయా లేదా అని చూస్తుంది. స్క్రబ్ అంటారు దీన్ని. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైలు లోలోపల పాడైతే బయటపడేది ఈ తనిఖీలోనే. మొదట చెడేవి మనం తెరవని ఫైళ్లని కాదు, తెరవనివి చెడితే మనకి తెలీదని.

ఇక్కడ ఒక మాట. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, తర్వాత డిగ్రీ తెలుగులో. పత్రికలో చేరిన కొత్తల్లో కంప్యూటర్ వార్తలు తెలుగు చేయమంటే సంస్కృతం మాటల కోసం నిఘంటువులు తిరగేసేవాళ్లం. ఈ డిస్కుల పని చేస్తుంటే తెలిసింది, కావాల్సిన మాటలన్నీ తెలుగులో ఎప్పట్నుంచో ఉన్నాయని. అసలు, నకలు, తనిఖీ, మరమ్మతు, జామీను, బదిలీ. అన్నీ కచేరీల్లోంచి తెలుగువాళ్లందరి నోళ్లలోకి వెళ్లిన మాటలే.

సరే, దువ్వమ్ బదిలీ. కొత్త డిస్కు కొనేటప్పుడు రెండు సంగతులు చూశాను. ఒకటి, పాతవాటితో ఒకే ఘానీలో తయారైంది కాకూడదు. ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి తీసిన నాలుగు డిస్కులు వయసులో కవలలు. ఒకదానికి వచ్చిన జబ్బు ఇంకోదానికీ అదే వారంలో రావచ్చు. అందుకే నావి వేర్వేరు నెలల్లో కొన్నవి. రెండోది, రాత పద్ధతి. కొన్ని డిస్కుల్లో చారలు పెంకుటింటి పైకప్పులా ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి. ఎస్‌ఎంఆర్ అంటారు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదికి ఎక్కిన వరసంతా కదపాలి. ఫొటోలు ఒకసారి రాసి దాచుకునే బయటి డిస్కుగా ఫర్వాలేదు. నాస్‌లో డిస్కు మార్చే రోజున గంటల పని రోజులకి సాగుతుంది. నాస్ కోసమే అని అమ్మిన కొన్ని డిస్కుల్లో ఈ పద్ధతి చెప్పకుండా పెట్టారని 2020లో బయటపడి పెద్ద గోలైంది. కాబట్టి పెట్టె మీద కబుర్లు కాకుండా, ఆ మోడల్ నంబరుతో కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో సీఎంఆర్ అని ఉందో లేదో చూడాలి.

కొత్తది తెచ్చీ తేగానే పనిలో పెట్టలేదు. కొత్త డిస్కుల్లోనూ పుట్టుకతో కమ్‌జోర్‌వి ఉంటాయి. మొత్తం మీద ఒకసారి రాసి, చదివి, ఆ తర్వాత స్మార్ట్ పొడవాటి పరీక్ష పెట్టి రెండు రాత్రులు వదిలేశాను. మూడు సున్నాలూ సున్నాలుగానే ఉన్నాయి.

పంజుమ్ గూడు ఎందుకు ఖాళీగా ఉంచానో ఇప్పుడు చెబుతాను. డిస్కు మార్చడమంటే చాలామంది పాతది లాగేసి, ఆ గూట్లో కొత్తది పెట్టడమే అనుకుంటారు. అది చచ్చిపోయిన డిస్కుకి చేసే పని. బతికున్నదాన్ని లాగేస్తే ఆ క్షణం నుంచి కొత్తది నిండేదాకా ఇంట్లో జామీను ఉండదు. 4 టెరాబైట్ల డిస్కు నిండా రాయాలంటే, సెకనుకి 150 మెగాబైట్ల లెక్కన ఆపకుండా నడిచినా ఏడు గంటల పైమాటే. ఆ గంటలన్నీ మిగతా మూడు పాత డిస్కులు తల నుంచి తోక దాకా చదువుతూనే ఉండాలి. వాటికి అది పెద్ద మెహనత్. రెండో డిస్కు కూలబడితే అప్పుడే కూలబడుతుంది.

ఖాళీ గూడు ఉంటే ఈ ఖతరా తప్పుతుంది. కొత్తదాన్ని పాతదాని పక్కనే పెట్టి, దీని బదులు అది అని చెబుతాం. పాతది పనిలోనే ఉంటుంది. తను చదవగలిగినంతా ఇస్తుంది. చదవలేని చోట మిగతా ముగ్గురూ లెక్కగట్టి పూరిస్తారు. జబ్బు డిస్కే అయినా అది ఉన్నంతసేపూ జామీను నిలబడే ఉంటుంది. అంతా చేరిందని తేలాక పాతదాన్ని సిస్టమే పక్కకి తప్పిస్తుంది. దాన్ని లాగడం చివరి పని.

సోఫాలో కూర్చుని అమ్మీ ఇదంతా విన్నది. డిస్కుల గురించి కాదు, ఇంకేదో గుర్తొచ్చినట్టు అన్నది: "జీతే జీ దే దేనాచ్ అచ్ఛా. బాద్ మే కౌన్ పూఛ్తే!" బతికుండగానే ఇచ్చేయడం మంచిది, తర్వాత ఎవరడుగుతారు అని.

ఇషా తర్వాత మొదలుపెట్టాం. సర్వర్ ఆపలేదు. హాట్ స్వాప్ అంటే అదే, నడుస్తుండగానే పెట్టడం, తీయడం. సాటా కనెక్టర్‌ని దగ్గరగా చూస్తే దాని కిటుకు కనిపిస్తుంది. బంగారు రంగు పట్టీలన్నీ ఒకే పొడవుండవు. ఎర్త్‌వి కాస్త పొడుగు. డిస్కు లోపలికి వెళ్లేటప్పుడు ముందు అవి తగులుతాయి, బయటికొచ్చేటప్పుడు చివర అవి వదుల్తాయి. కరెంటు ఒక్కసారిగా దూకకుండా మెల్లగా అందే ఏర్పాటు కూడా ఆ పట్టీల్లోనే ఉంది. అలాగని ఏ కంప్యూటర్‌లో పడితే ఆ కంప్యూటర్‌లో లాగకూడదు. ట్రేలున్న పెట్టె కావాలి. బయోస్‌లో ఆ పోర్టుకి హాట్ ప్లగ్ ఆన్ అయి ఉండాలి.

మా పెద్దమ్మాయి ట్రేలో కొత్త డిస్కు బిగించి పంజుమ్ గూట్లోకి తోసింది. కొన్ని సెకన్లలో స్క్రీన్ మీద దాని సీరియల్ నంబరు వచ్చింది. "నంబర్ చదువు బేటా" అన్నాను. చదివింది. ట్రే మీద అంటించిన చిట్టీతో సరిచూశాం. ఈ చిట్టీ సంగతి చిన్నదనిపిస్తుంది గానీ ప్రాణం అందులోనే ఉంది. నాకు తెలిసిన ఒక దోస్త్ ఇంట్లో మూడో డిస్కు చెడిందని మూడో ట్రే లాగారు. కంప్యూటర్ లెక్కపెట్టే మూడోది, మనం ఎడమవైపు నుంచి లెక్కపెట్టే మూడోది ఒకటే కానక్కర్లేదు. కంప్యూటర్ ఇచ్చే అక్షరాలు రీస్టార్ట్ అయితే మారిపోతాయి కూడా. జబ్బుది లోపల, బాగున్నది బయట. అందుకే మా ఇంట్లో ప్రతి ట్రే మొహాన సీరియల్ చివరి నాలుగు అంకెలు, కొన్న తేదీ, పక్కన ఉర్దూలో పేరు ఉంటాయి. ఆ పేర్లు నేను రాసినవి. మా అమ్మాయి చదవలేదు. అంకెలు చూసి పోల్చుకుంటుంది.

రాత్రంతా నడిచింది. మాది సగానికి పైగా నిండిన సర్వర్. జెడ్‌ఎఫ్‌ఎస్ ఖాళీ జాగాని వదిలేసి నిండిన చోటే నకలు తీస్తుంది. కరెంటు పోతే ఇబ్బంది లేకుండా చిన్న యూపీఎస్ ఉంది. ఫజర్ తర్వాత చూస్తే అంతా చేరింది, ఎర్రర్లు సున్నా. అప్పుడు దువ్వమ్‌కి ఆగమని కమాండ్ ఇచ్చాం. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం, దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలే హెడ్. తిరుగుతుండగా ఊపితే రెండూ తగులుకుంటాయి. గిర్రుమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా, ఓ అర నిమిషం, చెయ్యి పెట్టకూడదు. ఆగాక ట్రే లాగి దువ్వమ్‌ని బయటికి తీశాం. ఆ గూడు ఇప్పుడు ఖాళీ. ఈసారి జబ్బు పడేదానికి వారసుడు అక్కడ కూర్చుంటాడు.

పాత డిస్కుని అలాగే కబాడీకి వేయకండి. చెడిన సెక్టార్ల మీద మళ్లీ రాయడం కుదరదు, అక్కడ ఏ ఆధార్ కాపీ ముక్క ఉండిపోయిందో తెలీదు. దువ్వమ్‌కి డ్రిల్లింగ్ మిషన్‌తో పళ్లేల దాకా నాలుగు చిల్లులు వేయించి అప్పుడిచ్చాను.

రెయిడ్ ఉంది కదా అని బేఫికర్‌గా ఉండేవాళ్లకి ఇంకో సంగతి. ఇది డిస్కు మౌత్ నుంచే కాపాడుతుంది. పిల్లవాడు ఫోల్డర్ డిలీట్ చేస్తే నాలుగు డిస్కుల్లోనూ అదే క్షణం డిలీట్ అవుతుంది. దొంగ వస్తే డబ్బా మొత్తం పోతుంది. వరదొస్తే డబ్బా మొత్తం మునుగుతుంది. కాబట్టి ఊరవతల ఒక నకలు ఉండాలి. మాకు రెండు బయటి డిస్కులున్నాయి. ఒకటి ఎప్పుడూ కర్నూలులో ఆపా ఇంట్లో, మిద్దె మీది అల్మారీలో. రంజాన్ ఈద్‌కి వెళ్లినప్పుడు కొత్త నకలు ఇచ్చి పాతది తెచ్చుకుంటాం. బక్రీద్‌కి మళ్లీ. ఈ రెండు పండగల మధ్య రెండు నెలల పైన కొద్ది రోజులే. బక్రీద్ నుంచి మళ్లీ రంజాన్ ఈద్‌కి తొమ్మిది నెలల పైన. అందుకని మధ్యలో సంక్రాంతి సెలవుల్లో ఇంకో ఫేరా పెట్టుకున్నాం. ఏడాదికి మూడు నకళ్లు. వాటిని తెరిచి, నాలుగు ఫైళ్లు చదివి చూశాకే ఇస్తాం. తెరవని నకలు నకలు కిందికి రాదు.

ఇంత హిఫాజత్ చేశాక మిగిలిన ఒక్క ఫికర్ డిస్కులు తీర్చేది కాదు. 170 ఖత్‌లూ ఒక్క చుక్క చెరక్కుండా ఉన్నాయి. వాటిని చదివేవాళ్లే తగ్గిపోతున్నారు. మా పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, స్కూల్లో ఇంగ్లిష్, తెలుగు చదువుతారు. అలిఫ్ బే రాదు. దాదా ఖత్ వాళ్లకి బొమ్మ. నాకు వచ్చు గానీ అబ్బా దస్తూరీ షికస్తా, అక్షరం మీద అక్షరం పరిగెత్తుతుంది. ఎర్రటి ఎండలో షాపుకి నడిచెళ్లడం, షేఠ్ రెండు నెలల తన్ఖా ఆపడం, ఎవరికి ఎంత కర్జ్ తీర్చాలో ఆ పేర్లు, కొన్ని లైన్లలో నాకు గీతలే కనిపిస్తాయి. ఆ గీతల్ని మాటలుగా చదవగలిగే మనిషి ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. అమ్మీ. ఆమె కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమకంటికి ఆపరేషన్ అయింది.

దాదీకి మా ఖాందాన్ షజరా ఏడు తరాలు నోటికొచ్చేది. దాదీతోనే పోయింది. ఏ డిస్కులోనూ లేదు, ఏ ముగ్గురు కలిసి లెక్కగట్టినా తిరిగి రాదు.

అందుకే ఆదివారాలు అసర్ తర్వాత మా హాల్లో ఇంకో బదిలీ నడుస్తోంది. అమ్మీకి టీవీ మీద ఖత్ పెద్దదిగా చేసి పెడతాం. ఆమె చదువుతుంది. పెద్దమ్మాయి ఫోన్‌లో గొంతు రికార్డు చేస్తుంది. నేను తెలుగు లిపిలో టైపు చేస్తాను. స్కాన్, గొంతు, తెలుగు రాత, మూడూ ఒకే ఫోల్డర్‌లోకి వెళతాయి. ఒకటి అర్థం కాని రోజున మిగతా రెండూ ఉంటాయి. కొన్ని లైన్ల దగ్గర అమ్మీ ఆగిపోతుంది, "యే నక్కో" అంటుంది. ఆ లైన్లు రికార్డు చేయం. అవి ఆమె అమానత్. నెల నుంచి అమ్మాయి రికార్డు బటన్ నొక్కి ఊరుకోకుండా అమ్మీ పక్కకి జరిగి కూర్చుంటోంది. ఖత్ పైన ఎప్పుడూ ఒకేలా ఉండే మొదటి లైను, సలామ్, ఖైరియత్, తనే ముందు చదివేస్తోంది. చదువుతోందో, గుర్తుపెట్టుకుని చెబుతోందో నేనడగలేదు. సర్వర్ పాస్‌వర్డ్, డిస్కు మార్చే వరస ఒక నోట్‌బుక్‌లో రాయించాను, తన చేతే. నేను లేని రోజున ట్రే లాగాల్సింది తనే కదా.

మీ ఇళ్లలోనూ సందూక్‌లున్నాయి, క్యాసెట్లున్నాయి, చదివి చెప్పే అమ్మీలు, నానీలు, ఖాలాలు ఉన్నారు. డిస్కు తర్వాత కొనుక్కోవచ్చు. ముందు పక్కన కూర్చోండి.

మావి 63 ఖత్‌లు అయ్యాయి. ఇంకా 107. ఆదివారానికి ఒకటి చొప్పున రెండేళ్ల పని, ఇన్షా అల్లాహ్. కుడికన్ను డాక్టర్ వచ్చే నెల రమ్మన్నారు. ఈ వారం నుంచి బుధవారం కూడా కూర్చుంటున్నాం.